మోటారు కమాను మార్చుట ఇంటిపనియా?

బడిపంతులు తన యింటి వాకిట మోటారుకారు క్రింద పరుండి, మోచేతుల దాక గ్రీజు పూసికొని, కమాను విప్పుచుండుట మర్యాదగా నుండునా యని మా మిత్రులొకరు మమ్మడిగిరి. వేళాకోళమునకే యడిగిరని మొదట తలచితిమి. ఆ సాయంకాలమే వారు తమ కుమారుని మా యింటికి పోవలదని కట్టడి చేసిరని మరునాడు తెలిసినది. కాబట్టి నవ్వి యూరకుండక, మా యభిప్రాయమును ఈ పత్రికాముఖమున వ్రాయుట యుక్తమని తోచినది. ఆ పిల్లవాడు మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. మా పనిలో అతనికి పాలు కలదు. మా తప్పు వలన అతనికి కీడు కలుగబోయి తప్పినది. ఆ సంగతి దాచక చెప్పెదము.

మాది పాత అంబాసిడరు. కలకత్తాకు చేరువనున్న ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్సు వారు, ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారును మాతృకగా గైకొని దీనిని నిర్మించుచుండిరి. 2014లో నిర్మాణము నిలిపివేసిరి. మా తండ్రిగారు కొన్న బండి. వారి యనంతరము మాకు వచ్చినది. ఈనాటి చిన్నకార్లలో పెక్కింటికి వెనుక ప్రక్క తీగచుట్ట వంటి స్ప్రింగు లుండును. అంబాసిడరుకు అట్లు కాదు. లారీకిని, జట్కాబండికిని ఉన్నట్లే, ఉక్కుపట్టీలను పొడుగుదాని నుండి పొట్టిదాని వరకు వరుసగా పేర్చి, నడుమ నొక బోల్టుతో బిగించిన విల్లు వంటి కమాను వెనుక చక్రముల యొద్ద ప్రక్కకొకటి యుండును. విజయవాడ ఆటోనగరులో కమాను కట్ట యన్న చాలును, మరియొక పేరు చెప్ప నక్కరలేదు.

కమాను కుదుపు తగ్గించుటకే యున్నదని చదువరులలో పలువురు తలంతురు. అది దాని పనులలో ఒకటి మాత్రమే. ఇట్టి బండిలో వెనుక ఇరుసును ముందునకు గాని వెనుకకు గాని జరుగనీయక పట్టియుంచునది కూడ కమానే. చక్రములు బండిని ముందునకు నెట్టునపుడు ఆ తోపు కమాను గుండనే బండికి చేరును. బ్రేకు వేసినపుడు ఆ బిగింపును భరించునదియు కమానే. కావున రెండు కొనల యందును గుండ్రని కన్నులు గల పైపట్టీ విరిగెనా, ఇరుసు ఒక ప్రక్క వెనుకకు జరిగి, బండి మన చెప్పు చేతలలో నుండదు. ఇంకొక వారము నడువనిమ్ము, జీతము రాగానే చూతమని మేమును అనుకొంటిమి. కుంటి బల్లను గూర్చి అట్లనుకొన వచ్చును.

మా బండి ఎడమ ప్రక్కకు ఒరిగి నిలువసాగెను. దానిని చదునైన గచ్చుపై నిలిపి, చక్రపు నడిబొడ్డు నుండి పైనున్న మడ్గార్డు అంచు వరకు రెండు ప్రక్కలను కొలిచితిమి. ఎడమ వైపు ఇంచుమించు రెండంగుళములు తక్కువ వచ్చినది. గతుకులో పడినప్పుడెల్ల టక్కుమను శబ్దము వినవచ్చుచుండెను. పరుండి టార్చి వేసి చూడగా, మూడవ పట్టీ నడిమి బోల్టు దాపున విరిగి యుండెను. పట్టీలు విరుగుట తరచుగా అక్కడనే. బోల్టు పట్టుటకై తూటు పొడిచిన చోట ఉక్కు తక్కువ, ఒత్తిడి యెక్కువ. ఇందులో మా లోభము కూడ కొంత కలదని ఒప్పుకొనవలయును. అంతకు రెండేండ్ల ముందు కుడి కమాను మెత్తబడినపుడు ఒక దుకాణములో దానిని మాత్రము మార్పించి, ఎడమది బాగుగనే యున్నదను మాటను సంతోషముగా నమ్మితిమి. క్రొత్త కమాను ఒక ప్రక్క, అలసిన కమాను రెండవ ప్రక్క నున్న బండి సరిగా నిలువదు, సరిగా మలుపు తిరుగదు. కమానులు ఎద్దుల వంటివి, జతగా కొనవలయును.

పదునైదేండ్లుగా మేము రాబర్టు హుక్కు సూత్రమును నల్లబల్లపై వ్రాయుచున్నాము. 1678లో ఆయన ప్రకటించిన యా సూత్రము, సాగుడు బలమును బట్టి యుండునన్నది, తరగతిలో అందరికిని కంఠస్థమే. ప్రయోగశాలలో తీగచుట్టకు తూనికరాళ్లు వ్రేలాడదీసినచో లెక్క చక్కగా సరిపోవును; మార్కులును వచ్చును. కాని ఇన్ని పట్టీ లేల, దిట్టమైన ఉక్కుకడ్డీ యొక్కటి చాలదా యని అడిగినవాడు అన్ని యేండ్లలోను ఒక్కడును లేడు. ఆ ప్రశ్న మా వాకిట, విప్పియున్న పానాల నడుమ కూర్చుండి, మేము చెప్పిన పిల్లవాడే అడిగెను.

అతని చేతికొక నోటుపుస్తకమిచ్చి వంచుమంటిమి. కాగితములు ఒకదానిపై నొకటి జారి పుస్తకము సులువుగా వంగెను. ఆ కాగితములనే జిగురుతో అంటించి అట్టగా చేసినచో అట్లు వంగదు. లెక్కలో చెప్పవలెనన్న, పట్టీ బిరుసు దాని మందము యొక్క ఘనమును బట్టి పెరుగును. పొడుగు, వెడల్పు, మందము సమానముగా గల ఆరు పట్టీలను పేర్చినచో బిరుసు ఒక పట్టీకి 6 రెట్లగును. ఆ యారింటి మందమును ఒకే కడ్డీగా పోసినచో 216 రెట్లగును. అనగా పేర్చిన దానికంటె 36 రెట్లు. అట్టి కడ్డీపై నెక్కి గతుకుల బాటను పోవుటకంటె నడచిపోవుట మేలు. ఈ లెక్క తెలిసినవాడు, గట్టిగా నుండునని చెప్పి అదనముగా నొక పట్టీ వేయుమని దుకాణదారుని అడుగడు. విరిగిన పట్టీకి మారుగా ఏదో యొక పట్టీని కాల్చి, వంచి, సుత్తితో సరిచేసి పెట్టుటకును ఒప్పుకొనడు. కమాను ఉక్కునకు కొలిమిలో లెక్క ప్రకారము పదును పెట్టుదురు. కాల్చి వంచినచో ఆ పదును పోవును, వంపు మాత్రము కొన్నాళ్లు కనబడును.

ఇక మా తప్పు. ఒక శనివారము ఉదయము పని మొదలు పెట్టితిమి. హేండుబ్రేకు లాగితిమి. బండిని గేరులో నుంచితిమి. ఇంకేమి కావలెనని, వెనుక ఇరుసు నడుమనున్న డిఫరెన్షియలు క్రింద జాకీ పెట్టి యెత్తితిమి. వెనుక చక్రములు రెండును నేల విడిచినవి. పిల్లవాడు ఎడమ చక్రమును ఊడదీసి ప్రక్కకు దొర్లించెను. బ్రేకు డ్రమ్ము వెనుకకు చేయి చొనిపి, యూబోల్టు నట్టును తడవి చూచి, ఎన్నవ నంబరు పానా కావలెనో చెప్పెను. దానిని తెచ్చుటకు లేచెను. నాలుగడుగులు వేసెనో లేదో, బండి జానెడు ముందునకు దొర్లెను. జాకీ ఒరిగిపోయెను. డ్రమ్ము గచ్చును గ్రుద్దెను. గచ్చు పగిలిన గుర్తు మా వాకిట నేటికిని ఉన్నది. అతని చేయి యున్న చోటు అదియే.

బండి యెట్లు దొర్లెను? హేండుబ్రేకు పట్టునది వెనుక చక్రములను. అంబాసిడరులో ఇంజను త్రిప్పునదియు వెనుక చక్రములనే. కాబట్టి గేరు ఆపియుంచునదియు వానినే. ఆ చక్రములను రెండింటిని మేము గాలిలోనికి ఎత్తివేసితిమి. నేలపై మిగిలిన ముందు చక్రములను ఆపుటకు ఏమియు లేదు. మా వాకిలి వీధి వైపునకు కొంచెము వాలుగా నున్నది. వాననీరు పోవుటకై మేమే అట్లు కట్టించితిమి. ముందు చక్రములకు వెనుకను ముందును రెండేసి చెక్కదిమ్మెలు తోసియుండినచో బండి కదలియుండదు. ఘర్షణ పాఠమును ఏటేట చెప్పుచు, ప్రశ్నపత్రములలో దానిని గూర్చి ప్రశ్నలు కూర్చు మాకు, ఘర్షణ ఏ చక్రము క్రింద నున్నదో చూచుకొనవలెనని తోచలేదు. ఇంజను ముందు చక్రములను త్రిప్పు కార్లలో గేరు కొంత పట్టునన్న మాట నిజమే. అట్టి బండినైనను దిమ్మెలు లేక ఎత్తరాదు.

పిల్లవాని తండ్రిగారు మమ్మొక మాటయైన అనలేదు. మర్యాదను గూర్చి ఆ ప్రశ్న యడిగిరి, అంతియే. వారి స్థానమున మేముండినచో అంత మర్యాద చూపగలిగి యుందుమని చెప్పజాలము.

అయినను ఈ పని ఇంట చేయదగినదే యని మా యభిప్రాయము. చేయదగని దేదన, మేము ఆనాడు చేసిన తీరు. మేము కమానును గూర్చి వారము దినములు చదివితిమి, విచారించితిమి. బండిని నిలుపుటను గూర్చి అరనిమిషమైన విచారింపలేదు. నట్టు లెట్లు విప్పవలెనని నేర్పువారు పెక్కుమంది కలరు. వేయి కిలోగ్రాములకు పైబడిన బరువు మన మొగము మీద నుండగా దానిని పట్టియుంచునది ఏదియని అడుగువారు తక్కువ. జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. బండితో వచ్చు చిన్న జాకీ దారిలో చక్రము మార్చుకొనుటకు మాత్రమే. నూనెజాకీ ఎంత పెద్దదైనను, లోపలి రబ్బరు వాషరు ఒకటి చెడినచో దిగిపోవును. ఇటుకలు పేర్చి నిలుపు వారిని చూచియున్నాము. ఇటుక వంగి హెచ్చరిక చేయదు, ఒక్కసారిగా చిట్లును. ఉక్కుతో చేసిన స్టాండ్లు జత యొకటి కొనుటకు ధనము లేనివాడు కమాను కొనుటకు కూడ తొందరపడరాదు. ఆ స్టాండ్లను మేము పగిలిన గచ్చును చూచిన తరువాతనే కొంటిమి.

రెండవమారు పని ఇట్లు సాగినది. ముందురోజు సాయంకాలమే తుప్పు వదలించు నూనెను నట్లన్నిటికిని పట్టించితిమి. ఏండ్ల తరబడి బురద త్రాగిన నట్టు ఒక రాత్రి నాననిది వదలదు. బలవంతము చేసినచో మర తెగును, లేదా పానా జారి వ్రేళ్లు చితుకును. ఉదయము బండిని చదునైన చోటికి తెచ్చి, ముందు చక్రములు రెండింటికిని దిమ్మెలు బిగించితిమి. చక్రపు నట్లను బండి నేలపై నుండగనే కొంచెము వదులు చేసితిమి. ఎత్తిన తరువాత ఆ నట్లతో పెనుగులాడుట బండిని ఊపుటయే. పిమ్మట జాకీతో ఎత్తి, కమాను ముందుకన్నును పట్టియుంచు బలమైన చోటునకు ముందుగా, బాడీ క్రింద ఇరుప్రక్కల స్టాండ్లు నిలిపి, బరువును వానిపై దించితిమి. జాకీని తీసివేయలేదు, ఇరుసు క్రింద చేదోడుగా ఉండనిచ్చితిమి. యూబోల్టులు విప్పిన పిదప ఇరుసును మోయునది ఆ జాకీయే కదా. ఇరుసు మరీ దిగజారినచో బ్రేకునూనె రబ్బరు గొట్టము సాగి చినుగును. అందుచేత దానిపై నొక కన్ను వేసియుంచితిమి.

క్రిందికి పోవుటకు ముందు బండిని భుజముతో గట్టిగా నెట్టి చూచితిమి. కదలలేదు. మా యింటివారు కూడ నెట్టి చూచిరి. అప్పుడే పరుంటిమి.

తరువాతి పని, నిజము చెప్పవలెనన్న, ఓపిక యున్నవాని కెవనికైనను వచ్చునదియే. షాక్ అబ్సార్బరు క్రింది కొనను విడదీయుట, ఇరుసును కమానును కలిపి కౌగిలించుకొనియున్న యూబోల్టులను విప్పుట, వెనుక కొనయందలి షాకిలును, ముందుకన్నులోని బోల్టును తీయుట, పాత కమానును జాగ్రత్తగా నేలకు దించుట. ఎక్కించునపుడు మాత్రము రెండుచోట్ల తెలివి కావలెను. కమాను నడిమి బోల్టు తల, ఇరుసు మీద దానికై చేసిన గుంటలో సరిగా కూర్చుండవలయును. కూర్చుండకున్న ఇరుసు వంకరగా నిలుచును, బండి యెప్పుడును ఒక ప్రక్కకే లాగుచుండును. రెండవది, కన్నుల యందలి రబ్బరు బుష్షుల బోల్టులను గాలిలో నుండగా వ్రేళ్లతో త్రిప్పి వదలి, బండి తన చక్రములపై తాను నిలిచిన పిదపనే బిగింపవలయును. ఎత్తియుండగా బిగించినచో రబ్బరు ఆ భంగిమయందే పట్టుబడి, దించినపుడు మెలిపడి, కొలదికాలములోనే చినుగును. ఈ సంగతి మాకు ఆటోనగరులో కమాను అమ్మిన ముసలివాడు చెప్పెను. ఎన్ని తరగతులు చదివితివయ్యా యని అడుగుటకు మాకు నోరాడలేదు. మేము చదివిన తరగతులలో ఎవ్వరును దీనిని చెప్పలేదు.

యూబోల్టులు పాతవి మరల వేయక క్రొత్తవి వేసితిమి. మూలకు మూల మార్చుచు, నాలుగు నట్లను కొంచెము కొంచెముగా బిగించితిమి. అటు పిమ్మట కుడి ప్రక్కను కూడ ఇట్లే చేసితిమి. పొద్దు క్రుంకినది. కూలి లెక్క చూచినచో మాకు మిగిలినది స్వల్పము. స్టాండ్ల వెలతో అదియును పోయినది. కాబట్టి ధనము మిగులునని ఈ పనికి దిగువారిని మేము ప్రోత్సహింపము.

మెకానిక్కు పొట్ట కొట్టుట కాదా యని మరియొకరడిగిరి. కాదని తోచుచున్నది. ఒక దినము క్రింద పరుండి లేచిన తరువాత, మెకానిక్కు అడిగిన కూలిని గీచి గీచి బేరమాడుట మాకు సిగ్గుగా నున్నది. చేతిపనివానిని నీవు అని పిలుచుటకు అలవాటు పడిన మన నాలుకలు కూడ, ఒకసారి తుప్పు నట్టుతో పోరాడి వచ్చినచో, కొంత మారునేమో. అదియును గాక అన్ని కమానులును ఇంటిపనికి రావు. షాక్ అబ్సార్బరు చుట్టును అదిమిపెట్టిన చుట్టస్ప్రింగు గల కార్లలో, పైనట్టు విప్పగనే ఆ స్ప్రింగు అణచియున్న బలమంతయు ఒక్కపెట్టున వదలి తుపాకిగుండు వలె ఎగయును. దానిని ప్రత్యేకమైన పట్టుమరతో అదిమి యుంచి విప్పవలయును. అది తెలిసినవాని దుకాణములో చేయవలసిన పని, ఇంట చేయరాదు. చుట్టస్ప్రింగు షాక్ అబ్సార్బరుతో కలియక, ఇరుసు మీద విడిగా కూర్చుండి యుండు కార్లలో, ఇరుసును మెల్లగా దించగా స్ప్రింగు బిగి వదలి చేతికి వచ్చును. అయినను ముందు అడిగి తెలిసికొని చేయుట మేలు. పట్టీ కమానుకును నడిమి బోల్టు విప్పరాదు. విప్పినచో పట్టీలు చెదరి ఎగురును. కట్టను కట్టగానే తీసి కట్టగానే వేయవలయును.

ఇక పిల్లల మాట. తండ్రిగారు చేసిన కట్టడి ఆనాటికి న్యాయమే. ఎల్లకాలమునకు న్యాయమని మేమనుకొనము. పిల్లవానిని బండి క్రిందికి పంపరాదు. ఆ మాటకు తిరుగులేదు. కాని దిమ్మెలు బిగిసినవా, స్టాండ్లు నిటారుగా నున్నవా, వాలు ఏ వైపున కున్నదని చూచి, సరిగా లేనిచో మాష్టారూ, ఆగుడు అని చెప్పు అధికారము అతనికే ఇచ్చినచో, ఆ అధికారము వలన అతడు నేర్చుకొనునది తక్కువ కాదు. ఆనాడు మా వాకిట అట్లు చెప్పుటకు ఎవ్వరును లేరు. పెద్దవాని పనిలో తప్పు చూపుట మర్యాద కాదని మనమే వానికి నేర్పితిమి గదా. అతనికి వాలు కనబడినదట. బండి దొర్లిన మరునాడు ఆ మాట మాతో చెప్పెను. ముందే యేల చెప్పలేదని మేమడుగలేదు.

కట్టడి ఇంకను సడలలేదు. యూబోల్టులను 500 కిలోమీటర్లు నడచిన తరువాత మరల బిగింపవలెను గనుక మొన్ననే బిగించితిమి. ఎడమ ప్రక్కవి రెండు పావు చుట్టు తిరిగినవి. విరిగిన మూడవ పట్టీని భౌతికశాస్త్రపు గదిలో కిటికీ ప్రక్కను గోడకానించి యుంచితిమి. విరిగిన మొగమును చూచినచో, ఒక భాగము తుప్పుపట్టి నల్లగాను, తక్కిన భాగము గరుకుగా మెరయుచును కనబడును. నల్లనిది ఎన్నడో మొదలై మెల్లమెల్లగా ప్రాకిన పగులు. మెరయునది ఆఖరున ఒక్కసారిగా తెగినది. ఆ నల్లని భాగము ఎన్నాళ్లది యని తొమ్మిదవ తరగతిలో అడిగిరి. అడిగినవాడు ఎవ్వడో చదువరులు ఊహించుకొనవచ్చును. రానున్న వేసవి సెలవులలో షాకిలు బుష్షులను పరీక్షింప దలచినాము. వాని తండ్రిగారు వానిని వెంటబెట్టుకొని వచ్చి, దిమ్మెలను స్టాండ్లను ముందుగా తామే నెట్టి చూచుకొని, అటుపిమ్మట కూర్చుండుమనినను సరే, ఇంటికి పొమ్మనినను సరే. కాఫీ ఇద్దరకును ఉండును.